ఇంటర్ వయసులోనే యూనివర్సిటీ క్లాసు: ఎలా కుదురుతుంది?

[పొద్దున్న ఎనిమిది. ఆంధ్రా యూనివర్సిటీ గేటు. రోడ్డు మీద ఇంటర్ కాలేజీ బస్సులు.]

నమస్కారం అండీ. నా వెనకాల ఉన్నది ఆంధ్రా యూనివర్సిటీ. ముందున్న రోడ్డు మీద ఇంటర్ కాలేజీ బస్సులు వరసగా పోతున్నాయి, చూశారా? ఆ కిటికీ పక్కన పుస్తకం తెరిచి కూర్చున్న అమ్మాయికి పదహారేళ్ళుంటాయి. రోజూ ఈ గేటు ముందు నుంచే వెళ్తుంది. లోపలికొచ్చి ఒక్క క్లాసులో కూర్చోవాలంటే మాత్రం ఇంటర్ అయ్యేదాకా ఆగాల్సిందే.

ఆగక్కర్లేని పద్ధతి ఒకటుంది. ఇవాళ దాని గురించే చెబుతాను.

[ఇంటి వరండా. బల్ల మీద కొన్ని కాగితాలు.]

మా అక్క వాళ్ళు అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటారు. పోయిన వేసవి సెలవలకి మేనకోడలు పెదవాల్తేరులో మా ఇంటికొచ్చింది. "మావయ్యా, నేనింకా హైస్కూలే. కానీ కెమిస్ట్రీ మాత్రం కాలేజీలో చదువుతున్నా" అంది. నేను ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. ఆ ఒక్క మాటకి ఆ రాత్రంతా దాన్ని కూర్చోబెట్టి వివరాలు అడుగుతూనే ఉన్నా.

అక్కడ దాన్ని రన్నింగ్ స్టార్ట్ అంటారు. 1990లో ఆ రాష్ట్రం చేసిన చట్టంతో వచ్చింది. అంతకంటే ముందే, 1985లో, మినెసోటా ఇలాంటి పథకం మొదలుపెట్టింది. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు దగ్గర్లో ఉన్న కాలేజీకో యూనివర్సిటీకో వెళ్ళి, మామూలు డిగ్రీ విద్యార్థుల పక్కనే కూర్చుని పాఠం వింటారు. ట్యూషన్ ఫీజు ఉండదు. పుస్తకాలు, కొన్ని చిల్లర ఫీజులు, రానుపోను ఖర్చు ఇంట్లోవాళ్ళవి.

అసలు అందం ఎక్కడుందంటే, చదివేది ఒకటే క్లాసు, జమ రెండు ఖాతాల్లో. క్రెడిట్ అంటే ఎంత చదివామో కొలిచే లెక్క. కాలేజీలో ఐదు క్రెడిట్ల కోర్సు పూర్తిచేస్తే హైస్కూల్లో ఒక క్రెడిట్ కూడా వచ్చేస్తుంది. రెండేళ్ళూ పూర్తిగా ఇలాగే చదివినవాళ్ళు కొందరు హైస్కూల్ అయ్యేసరికే అసోసియేట్ డిగ్రీ చేతికి తెచ్చుకుంటారు. అంటే నాలుగేళ్ళ డిగ్రీలో దాదాపు సగం.

వినగానే మనవాళ్ళకి "అబ్బ, రెండేళ్ళు మిగిలాయి" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, ఆ కాగితాలు చూసేదాకా.

[కాగితం దగ్గరగా. ఎర్ర పెన్నుతో చుట్టిన ఒక తేదీ.]

ఇది దాని కెమిస్ట్రీ కోర్సు సిలబస్. ఆరు పేజీలు. ఏ వారం ఏ చాప్టరు, ల్యాబ్ రిపోర్టు ఏ రోజు ఇవ్వాలి, ఆలస్యమైతే ఎంత కోత, అన్నీ ఉన్నాయి. మొదటి రోజే చేతిలో పెట్టేశారు. తర్వాత క్లాసులో ఎవరూ గుర్తు చెయ్యలేదు. ఎర్ర పెన్నుతో చుట్టిన ఈ తేదీన ల్యాబ్ రిపోర్టు ఇవ్వడం మర్చిపోయింది. దానికి సున్నా. చివరికి కోర్సులో సీ గ్రేడ్. అది కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే మార్కుల రికార్డులో, శాశ్వతంగా ఉండిపోతుంది. రేపు ఏ యూనివర్సిటీకి అప్లై చేసినా చూపించాల్సిందే.

మా అక్క కాలేజీకి ఫోన్ చేసిందట, మార్కులెలా ఉన్నాయో చెప్పమని. మీ అమ్మాయి రాసి ఇస్తేనే చెబుతామన్నారు. అక్కడి 1974 నాటి చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు ఆ విద్యార్థిదే, వయసు పదహారైనా సరే. అక్క ఆరోజు చాలా బాధపడింది. నేనైనా బాధపడేవాణ్ణే.

అక్కడ ఇంకో లెక్క ఉంది. క్లాసులో గంట వింటే బయట రెండు గంటలు సొంతంగా చదవాలి. ఐదు క్రెడిట్లంటే వారానికి ఐదు గంటల క్లాసు, అంటే మొత్తం పదిహేను గంటలు. మన పిల్లలు అంతకంటే ఎక్కువే చదువుతారు, నాకు తెలుసు. కానీ స్టడీ అవర్‌లో ఎదురుగా ఎవరో కూర్చుంటారు, ఏ మెటీరియల్ తియ్యాలో చెబుతారు, ఆదివారం టెస్ట్ పెడతారు. "ఇప్పుడు ఏం చదవాలి?" అన్న ప్రశ్న మన పిల్లకి రెండేళ్ళలో ఒక్కసారీ ఎదురుకాదు. ఇంజనీరింగ్‌లో చేరాక మొదటి సెమిస్టర్‌లో ఒక్కసారిగా ఎదురవుతుంది. మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు కూడా అక్కడ తడబడి, నా దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

[పాత ఫొటోల ఆల్బమ్. తర్వాత శ్రీకాకుళం వైపు హైవే.]

ఇదంతా మనకి కొత్తేం కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, "పీయూసీ చదివాం" అంటారు. ప్రీ యూనివర్సిటీ కోర్సు. ఆ రోజుల్లో అది యూనివర్సిటీల కిందే ఉండేది, పరీక్ష కూడా వాళ్ళే పెట్టేవారు. ఇంటర్ బోర్డు వచ్చింది 1971లో. ఇంటర్‌కీ యూనివర్సిటీకీ మధ్య ఆ గీత మనమే గీసుకున్నాం. 2008లో ట్రిపుల్ ఐటీలు వచ్చినప్పుడు మళ్ళీ మనమే దాన్ని చెరిపాం. పదో తరగతి అవగానే పిల్లలు యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్ళి ఆరేళ్ళు అక్కడే చదువుతారు. మొదటి రెండేళ్ళ పేరు ఇప్పటికీ పీయూసీయే. మనకి దగ్గర్లో ఎచ్చెర్లలో ఉన్నది 2016లో మొదలైంది.

మరి విశాఖలో మామూలు ఇంటర్ చదివే పిల్లల సంగతి? ఒక్క సబ్జెక్టు కోసం క్యాంపస్‌లోకి వెళ్ళే దారి ఇంకా పడలేదు. 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ బడి చదువునీ కాలేజీ చదువునీ ఒకే క్రెడిట్ లెక్కలోకి తెచ్చింది. ముప్ఫై గంటలకి ఒక క్రెడిట్. కాగితం మీద దారి గీశారు. మన యూనివర్సిటీలు రెండు మూడు మొదటి ఏడాది సబ్జెక్టులైనా ఇంటర్ పిల్లలకి తెరిస్తే బావుండునని నాకు గట్టిగా ఉంది.

ఈలోపు ఎన్‌పీటీఈఎల్ ఉంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల పథకం. దాని కోర్సులు కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో దొరుకుతాయి. ఇంటర్ పిల్లలైనా చేరొచ్చు. చేరడం, వినడం ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. పరీక్ష సెంటర్‌కి వెళ్ళి రాయాలి. అసైన్‌మెంట్లకి 25 మార్కులు, పరీక్షకి 75. సర్టిఫికెట్ రావాలంటే అటు పది, ఇటు ముప్ఫై తప్పనిసరి. దాన్ని రేపు డిగ్రీలో క్రెడిట్‌గా తీసుకోవడం ఆ యూనివర్సిటీ నిర్ణయం, కాబట్టి ఆ ఆశతోనే చేర్చకండి. ఒక్క కోర్సు చాలు. జేఈఈ, నీట్ ఒత్తిడి తెలిసినవాణ్ణి, రెండోది వద్దనే చెబుతాను.

[రాత్రి. మూసిన తలుపు కింద నుంచి వెలుగు.]

మా పక్కింటి అబ్బాయి సెకండియర్ ఎంపీసీ. ఐఐటీ రోపర్ వాళ్ళ పైథాన్ కోర్సులో చేరాడు, పన్నెండు వారాలు. "ఏటండీ ఇది, మాస్టారూ, ఎవరూ ఫోన్ చెయ్యరా?" అని వాళ్ళమ్మగారు అడిగారు. మెయిల్ వస్తుందమ్మా, అదీ వాడే తెరిచి చూసుకోవాలి అన్నాను. ఇవాళ మంగళవారం. మూడో వారం అసైన్‌మెంట్‌కి గడువు రేపు రాత్రి 11:59. నేను అడగలేదు, ఆవిడా అడగలేదు. అన్నం తిని, వాడే వెళ్ళి తలుపేసుకుని కూర్చున్నాడు.