కడుపులో గాలి, గుండెలో నొప్పి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం వాటికే సరిపోతుంది. మన్నించండి.

పేగుల్లో గాలి చేరడం జబ్బు కాదు. రోజుకు 10 నుంచి 20 సార్లు అపానవాయువు పోవడం ఆరోగ్యవంతులకూ మామూలే. గబగబా తిన్నా, సోడా తాగినా కొంత గాలి లోపలికి పోతుంది. మిగతాది పెద్దపేగులో పుడుతుంది. మన నల్లరేగడిలో పండే శనగలనే తీసుకోండి. వాటిలోని రాఫినోజ్ వంటి చక్కెరలను అరిగించే ఎంజైము మనిషి చిన్నపేగులో లేదు. అవి పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు పులియబెడతాయి. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. వీటికి వాసన లేదు, ఆ కంపంతా కొద్దిపాటి గంధకపు వాయువులది. శనగలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే బాధ తగ్గుతుంది.

మలబద్ధకం గురించి కూడా రాసుకొచ్చాను. ఆ కాగితం పక్కన పెడుతున్నాను. మా మేనమామ సంగతి చెప్పాలి.

ఆయనది దర్శి దగ్గర పల్లె. ఒక సాయంత్రం ఛాతీ మధ్యలో బరువు, ఎడమ భుజంలో లాగుడు, చొక్కా తడిసేంత చెమట. "మధ్యాహ్నం అలసంద వడలు తిన్నాను, గ్యాస్ పట్టేసింది" అన్నాడు. అత్తయ్య వాము నలిపి వేడినీళ్లతో ఇచ్చింది. ఎవరో నిమ్మకాయ సోడా తెచ్చారు. పెద్ద త్రేన్పు వచ్చింది. ఇంకేం, తగ్గిపోతుందన్నారు అందరూ. ఆ త్రేన్పే మా కొంప ముంచింది. తెల్లవారుజామున ఒంగోలుకు తీసుకువెళుతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

అమ్మా, వెనక వరుసలోని వారూ వినండి. త్రేన్పు వచ్చినంత మాత్రాన అది గుండెపోటు కాకుండా పోదు. మధుమేహం ఉన్నవారిలో, ఆడవారిలో ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, వికారం, పైకడుపులో మంట మాత్రమే ఉండవచ్చు. మీరు పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, అంతే. గుండె రక్తనాళంలో అడ్డుపడి గుండెపోటు తెచ్చే రక్తపు గడ్డను అదేమీ చేయలేదు. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇవ్వాలి, అదీ మొదటి గంటల్లో ఇస్తేనే ఎక్కువ మేలు. మా మామకు ఆ గంటలన్నీ ఇంట్లోనే గడిచిపోయాయి.

దయచేసి, ఛాతీలో బరువు, చెమట, ఆయాసం కనిపిస్తే 108కి ఫోను చేయండి. ఈసీజీ తీయడానికి పది నిమిషాలైనా పట్టదు. మొదటిది మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమని అడగండి, మొహమాటపడకండి.