బుల్ రన్‌లో ఉత్తరాది ఎందుకు ఓడింది? పిక్నిక్ జనం వల్ల కాదు

అమెరికా అంతర్యుద్ధం (లింకన్ ఉత్తరాదికీ, విడిపోయిన దక్షిణాదికీ మధ్య), 1861 జూలై 21, వాషింగ్టన్ దగ్గర బుల్ రన్ వాగు. ఈ మాట ఎత్తగానే ఒకటే కథ: వాషింగ్టన్ పెద్దలు తిండి బుట్టలు పట్టుకుని తమాషా చూడ్డానికొచ్చారు, వాళ్ల పరుగుతో దారి మూసుకుపోయి సైన్యం ఓడింది అని. వింటుంటే ఒళ్లు మండుతుంది. ఆ జనంలో చాలామంది మైళ్ల అవతల సెంటర్‌విల్ దగ్గరే ఉన్నారు.

అసలు చిక్కు గడువుది. ఏప్రిల్‌లో లింకన్ 75,000 మందిని పిలిచింది 90 రోజులకే. అది అయిపోవస్తోందని, శిక్షణ చాలకపోయినా ఉత్తరాది సేనాని మెక్‌డొవెల్ సుమారు 35,000 మందితో కదిలాడు. యుద్ధం రోజు పొద్దున్నే ఒక పెన్సిల్వేనియా రెజిమెంట్ గడువు తీరిందని ఇంటిదారి పట్టింది!

‘అవతలివాళ్లూ కొత్తవాళ్లేగా’ అంటారు. నిజమే. కానీ కొత్త డ్రైవర్ ఆగున్న బస్సులో కూర్చోవడం వేరు, చీకట్లో సందుల్లో తోలడం వేరు. దక్షిణాది సేనాని బోరెగార్డ్ బస్సు బుల్ రన్ వాగు వెనక ఆగి ఉంది. మెక్‌డొవెల్ తన బస్సును రాత్రి 2 గంటలకు తీసి, సడ్లీ రేవు మీదుగా చుట్టూ తిప్పాలి. ఏడింటికి దాటాల్సింది, తొమ్మిదిన్నర అయింది. ఈలోగా జెండా సిగ్నళ్లతో అవతలికి కబురందిపోయింది.

అంతకన్నా పెద్ద నష్టం ముందే జరిగింది. 18న మెక్‌డొవెల్ సెంటర్‌విల్ చేరి, దాటే రేవు వెతుకుతూ రెండు రోజులు ఆగాడు. అదే సమయంలో ఇంకో దక్షిణాది సేనాని జాన్‌స్టన్ మనుషులు షెనాండోవా లోయ నుంచి పీడ్‌మాంట్ స్టేషన్‌కి నడిచి, రైలెక్కి బుల్ రన్ దగ్గరి మనాసస్‌లో దిగారు. వాళ్లని లోయలోనే ఆపాల్సిన ఉత్తరాది సేనాని ప్యాటర్సన్ పసిగట్టలేకపోయాడు. నన్నడిగితే యుద్ధం ఆ రైలు దగ్గరే చేజారింది.

మధ్యాహ్నం, హెన్రీ హౌస్ గుట్ట. ఉత్తరాది ఫిరంగులు 11. నీలం బట్టల్లో ఒక దళం నడిచొస్తోంది. ఫిరంగుల అధికారి గ్రిఫిన్ కాల్చబోతే, మనవాళ్లేనంటూ పైఅధికారి బ్యారీ ఆపాడు. అది దక్షిణాది రెజిమెంట్, 33వ వర్జీనియా! అప్పటికి ఏ వైపూ అందరికీ ఒకే యూనిఫాం లేదు మరి. ఒక్క దెబ్బకి గుర్రాలు, ఫిరంగి మనుషులు కుప్పకూలారు.

టైమ్ లేదు, మిగతాది గబగబా. నాలుగు గంటల ప్రాంతంలో ఉత్తరాది కుడివైపు కూలింది. ఇప్పుడా కొత్త డ్రైవర్ రివర్స్ తీయాలి. వెనక్కెళ్లే దారిలో కబ్ రన్ వాగు వంతెన మీద బండి బోల్తాపడింది, తొక్కిసలాట. గెలిచినవాళ్లూ చెల్లాచెదురై వెంటాడలేకపోయారు. చనిపోయింది ఉత్తరాదిలో దాదాపు 460, దక్షిణాదిలో 387. మర్నాడే లింకన్ 5 లక్షల మందిని మూడేళ్ల దాకా చేర్చుకునే బిల్లు మీద సంతకం పెట్టాడు.