అర్జీ మీద సంతకం, ఫైలు మీద సంతకం

అందరికీ నమస్కారం.

ఎమ్మెల్యే మంత్రి అయిన రోజున మారేవి చాలా ఉంటాయి. కారు, గన్‌మెన్, సచివాలయంలో చాంబర్ అందరి కళ్లకూ కనిపిస్తాయి. సంతకం విలువ మారిందన్న సంగతి మాత్రం పైకి కనపడదు. నిన్నటిదాకా అడిగిన మనిషి ఇవాళ్టి నుంచి తేల్చి చెప్పాలి. ఈ తేడా ఒంటబట్టక ముందే కొందరి పదవీకాలం అయిపోతుంది. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను. ఉదాహరణకు పీవీ నరసింహారావు గారిని తీసుకుంటాను. ఢిల్లీ పీవీ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, మనకు ఇక్కడ కావలసింది మంథని పీవీ.

ఆయన 1957లో మంథని నుంచి శాసనసభకు వచ్చారు. 1962లో మంత్రివర్గంలో చేరి న్యాయం, సమాచారం, దేవాదాయం, వైద్యం, విద్య శాఖలు చూశారు. 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయ్యారు. అంటే ఐదేళ్లు అర్జీలు పట్టుకుని తిరిగి, తొమ్మిదేళ్లు ఫైళ్లు చదివి, ఆ తర్వాతే ఆ కుర్చీలో కూర్చున్నారు. ఈ వరుస ముఖ్యం.

ముందు ప్రమాణాల సంగతి. గెలిచిన సభ్యుడు రాజ్యాంగం 188వ అధికరణం కింద ప్రమాణం చేస్తేనే సభలో కూర్చోవాలి. చేయకుండా కూర్చుంటే, ఓటేస్తే, రోజుకు 500 రూపాయల జరిమానా అని 193వ అధికరణం చెబుతుంది. మంత్రి అయితే ఇంకో రెండు ప్రమాణాలుంటాయి. ఒకటి పదవికి, రెండోది గోప్యతకు. ఈ రెండోది చాలామంది గడగడా చదివేసి మర్చిపోతారు. ఎమ్మెల్యేగా తెలిసిందల్లా జనానికి చెప్పడం అలవాటు. మంత్రి అయ్యాక కేబినెట్ ముందుకు రాబోయే అంశాన్ని నియోజకవర్గ సభలో నోరుజారి చెబితే అది ప్రమాణ భంగమే. కొత్త రోడ్డు ఎటు వెళ్తుందో ముందే బయటికి పొక్కితే ఆ దారి పొడుగునా భూములు చేతులు మారతాయి. నష్టం ఎవరికో మీకు తెలుసు.

ఇప్పుడు అర్జీ. ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద 'ఈ ఊరికి వంతెన మంజూరు చేయగలరు' అని రాసి సంతకం పెడతారు. అది సిఫారసు, అంతే. దాన్ని పట్టుకుని మంత్రి దగ్గరికి వెళ్తే ఆయన మూల మీద 'ఎగ్జామిన్ అండ్ పుటప్' అని రాసి పొడి సంతకం చేస్తారు. పరిశీలించి ఫైలు పెట్టమని దాని అర్థం. ఊరి పెద్దమనిషి ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని, వంతెన వచ్చేసిందని చెబుతాడు. మంత్రి ఆ మాట అక్కడే సరిదిద్దాలి. 'ఇది మొదలు మాత్రమే పెద్దాయనా' అని అప్పుడే చెప్పని మంత్రి, రెండేళ్ల తర్వాత అదే ఊళ్లో తలెత్తుకుని తిరగలేరు.

ఆ కాగితం సెక్షన్‌కు వెళ్తుంది. అక్కడ దానికి నంబరు పడుతుంది, ఫైలు పుడుతుంది. బయటి నుంచి వచ్చిన కాగితాలు కరెంట్ ఫైలులో, అధికారుల అభిప్రాయాలు నోట్ ఫైలులో చేరతాయి. సెక్షన్ ఆఫీసరు నుంచి కార్యదర్శి దాకా ఒక్కొక్కరూ పేరా రాస్తూ పైకి పంపుతారు. ఖర్చుతో ముడిపడ్డ విషయమైతే ఆర్థిక శాఖకు వెళ్లి రావాలి. ఇప్పుడు ఇదంతా చాలావరకు ఈ-ఆఫీసులో కంప్యూటరు మీదే నడుస్తోంది. నడిచే దారి మాత్రం పాతదే.

మంత్రులు బోల్తా పడేది ఇక్కడే. నోట్ ఫైలు చివరి పేజీలో 'ఆమోదానికి సమర్పిస్తున్నాం' అన్న వాక్యం ఒక్కటే చదివి సంతకం పెట్టేస్తారు. నాలుగు పేజీల వెనక ఆర్థిక శాఖ రాసిన అభ్యంతరం అలాగే ఉండిపోతుంది. రేపు ఆడిట్ వాళ్లో, కోర్టో అడిగేది ఆ పేరా గురించే. కార్యదర్శి అభిప్రాయంతో మంత్రికి పేచీ ఉండొచ్చు, కాదనే అధికారమూ ఉంది. కానీ ఎందుకు కాదంటున్నారో రాయాలి. కారణం రాయని 'ఆమోదించాను' కోర్టులో నిలబడటం కష్టం.

ఇంకో మాట. జీవో మీద మంత్రి సంతకం ఉండదు. 166వ అధికరణం ప్రకారం ఉత్తర్వు గవర్నరు పేరిట వెలువడాలి, దాన్ని కార్యదర్శి ధ్రువీకరించాలి. 1962లో సుప్రీంకోర్టు బచిత్తర్ సింగ్ కేసులో దీన్ని తేల్చేసింది. అప్పటి పెప్సు (పటియాలా, తూర్పు పంజాబు సంస్థానాల సమాఖ్య) రాష్ట్రంలో ఒక రెవెన్యూ ఉద్యోగిని తొలగించారు. ఆయన మొర విన్న రెవెన్యూ మంత్రి, తొలగించొద్దు, హోదా తగ్గించండి అని ఫైలు మీద రాశారు. ఆ రాత ఉత్తర్వుగా బయటికి రాలేదు. పెప్సు పంజాబులో కలిసిపోయాక ముఖ్యమంత్రి తొలగింపునే ఖాయం చేశారు. మంత్రి రాసిన రాతే ఉత్తర్వు అని ఉద్యోగి వాదించారు. గవర్నరు పేరిట వెలువడి, సంబంధిత వ్యక్తికి అందేదాకా అది ఉత్తర్వు కాదు, ఈలోపు మార్చుకోవచ్చు అని కోర్టు చెప్పింది. ఫైలు మీద సంతకం పెట్టి 'పని అయిపోయింది' అనే ప్రతి మంత్రీ ఈ కేసు చదవాలి.

జీవో వచ్చినా డబ్బు వచ్చినట్టు కాదు. వంతెనకు పరిపాలనా అనుమతి ఒకటి, అంచనాలు సరిచూసి ఇచ్చే సాంకేతిక అనుమతి ఇంకొకటి. తర్వాత టెండరు, అగ్రిమెంటు. బడ్జెట్‌లో పద్దు ఉండాలి, ఆ పద్దు నుంచి నిధులు విడుదల కావాలి. పరిపాలనా అనుమతి రాగానే శిలాఫలకం వేయించడం మన దగ్గర పాత జబ్బు. కాంట్రాక్టరు స్తంభాలు లేపి, బిల్లు రాక చేతులెత్తేస్తాడు. వాగులో మొండి స్తంభాలు కనిపిస్తే ఎక్కువసార్లు అసలు కథ ఇదే. బడికి వెళ్లే పిల్లలు ఆ స్తంభాల పక్కనుంచే నీళ్లలో నడుస్తుంటే చూడలేం.

పద్దుకు సభ ఆమోదం కావాలి. అందుకే మంత్రి అయినవాడు సభను తేలిగ్గా తీసుకోకూడదు. నక్షత్ర గుర్తు ప్రశ్నకు, అంటే సభలో మంత్రి నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నకు, రాసిచ్చిన జవాబు చదివేస్తే సరిపోదు, అనుబంధ ప్రశ్నలు వస్తాయి. వాటికి శాఖ వాళ్లు ఇచ్చే నోట్‌ను ముందురోజు రాత్రే చదవాలి.

ఇక ముఖ్యమంత్రి. 2003 నాటి 91వ సవరణ తర్వాత మంత్రుల సంఖ్య ముఖ్యమంత్రితో కలిపి సభలో 15 శాతం దాటకూడదు. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 26, 119 మంది ఉన్న తెలంగాణలో లెక్కకు 17.85 వస్తుంది, ఆచరణలో 18గా తీసుకుంటున్నారు. కులం, జిల్లా, సీనియారిటీ, అన్నీ అందులోనే ఇమడాలి. సభ్యుడు కాని వారిని మంత్రిని చేస్తే ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నిక కావాలి. మంత్రివర్గం మొత్తం శాసనసభకు ఉమ్మడిగా బాధ్యత వహించాలి. 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది. అంతటి మనిషికే లెక్క తప్పింది.

పీవీ గారి దగ్గరికి మళ్లీ వద్దాం. భూపరిమితి, అంటే ఒక కుటుంబానికి ఇంతకు మించి పొలం ఉండకూడదన్న హద్దు, తేవాలనుకున్నారు. చట్టం వస్తుందని తెలియగానే భూస్వాములు బంధువుల పేర్ల మీద, పాలేర్ల పేర్ల మీద పొలాలు రాసేస్తారు. అందుకని 1972లో ముందు వ్యవసాయ భూముల బదలాయింపును నిలిపివేసి, ఆ తర్వాత పరిమితి చట్టం తెచ్చారు. నేల రకాన్ని బట్టి కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. తొమ్మిదేళ్లు ఫైళ్లు చదివిన మనిషి చెయ్యి ఆ క్రమంలో కనిపిస్తుంది. ముందు తలుపు వేయాలి, తర్వాతే లెక్క పెట్టాలి. నా దృష్టిలో ఆయన రాష్ట్ర జీవితంలో ఇంతకంటే గట్టి పని లేదు.

ఫైలు తెలిసినా మంత్రివర్గం నిలబడలేదు. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఆంధ్ర ప్రాంత మంత్రులు రాజీనామా చేశారు. ముఖ్యమంత్రి రాజీనామా చేస్తే మంత్రివర్గమంతా పోయినట్టే. 1973 జనవరిలో అదే జరిగింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. భూపరిమితి చట్టం మాత్రం పోలేదు. 1975 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అప్పటికి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు గారు. పరిమితి మించిన వాళ్లు తమ భూముల లెక్కలు డిక్లరేషన్లుగా రాసి ట్రిబ్యునళ్ల ముందు పెట్టుకోవలసి వచ్చింది.