కంపెనీ ఫర్మ్‌వేర్ ఉంచాలా, మార్చాలా? మైనింగ్ మెషిన్లపై తిరుపతి స్టూడియో చర్చ

(పాల్గొన్నవాళ్లు: రేణిగుంట రోడ్డులో మెషిన్లు రిపేరు చేసే టెక్నీషియన్, చిత్తూరు దగ్గర షెడ్డులో మైనింగ్ నడిపే యజమాని, ఎలక్ట్రానిక్స్ లెక్చరర్, ఒక ఆడిటర్. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట అర్థమైనంత వరకు రాశాను.)

వ్యాఖ్యాత: ఉపోద్ఘాతం వద్దు, నేరుగా వెళ్దాం. బిట్‌కాయిన్ మైనింగ్ మెషిన్, అంటే లెక్కలు కట్టి బిట్‌కాయిన్లు సంపాదించే యంత్రం కొంటే, అందులో కంపెనీ వేసిన ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాన్ని తీసేసి బ్రెయిన్స్ ఓఎస్, వీనిష్, లక్స్ ఓఎస్ లాంటివి ఎక్కించుకుంటున్నారు. అన్నా, మీరూ ఎక్కించారు. ఎందుకు?

షెడ్డు యజమాని: ఎండకు. నిజంగా అంతే. రోహిణి కార్తెలో మన దగ్గర బయటే 40 దాటుతుంది, షెడ్డులో ఇంకా ఎక్కువ. కంపెనీ ఫర్మ్‌వేర్ ఫ్యాన్లను గిర్రున తిప్పి తిప్పి, చిప్ వేడి హద్దు దాటిందంటే మెషిన్‌నే ఆపేస్తుంది, నేను మధ్యాహ్నం అన్నం తిని వెళ్లి చూసేదాకా అది అలా ఆగే ఉంటుంది. ఇప్పుడు వేసిందైతే వేడి పెరిగే కొద్దీ కరెంటు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ నడుస్తూనే ఉంటుంది, రాత్రి చల్లబడ్డాక మళ్లీ పెంచుకుంటుంది.

టెక్నీషియన్: ఈయన బుద్ధిగా వాడుతున్నాడు సార్. నా దగ్గరికి వచ్చేవాళ్లు అలా కాదు, సైలెన్సర్ మార్చే కుర్రాళ్ల లాగా "స్పీడు ఎంత పెరుగుతుంది" అన్న ఒక్క ప్రశ్నే. పెంచుతారు, మెషిన్ పవర్ సప్లై యూనిట్ పోతుంది, లేదంటే లెక్కలు చేసే చిప్పులుండే హ్యాష్ బోర్డు మీద చిప్ కాలుతుంది. చిప్పులన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసగా కట్టి ఉంటాయి కాబట్టి ఒక్కటి పోయినా బోర్డు మొత్తం పడుకోవచ్చు. ఒకాయన ద్రవంలో ముంచి నడిపే మోడ్ ఆన్ చేశాడు, ఫ్యాన్లతో నడిచే మెషిన్‌కి! ఆ మోడ్‌లో ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని కూడా చూడదు.

వ్యాఖ్యాత: తర్వాత?

టెక్నీషియన్: తర్వాతేముంది, మూడు బోర్డులూ నా టేబుల్ మీదికి వచ్చాయి. వారంటీ అంటారా, బయటి ఫర్మ్‌వేర్ ఎక్కించారని తెలిస్తే కంపెనీ మన ముఖం చూడదు.

లెక్చరర్: దీని వెనక లెక్క చిన్నదే. చిప్ తినే పవర్ ఫ్రీక్వెన్సీతో, అంటే చిప్ నడిచే వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ వర్గంతో (స్క్వేర్‌తో) కూడా పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ 10 శాతం పెంచాలంటే వోల్టేజ్ 5 శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి, పవర్ 21 శాతం పెరుగుతుంది. వచ్చింది 10, పోయింది 21. ఇదే తిరగేయండి. ఫ్రీక్వెన్సీ 20 శాతం, వోల్టేజ్ 10 శాతం తగ్గిస్తే హ్యాష్‌రేట్, అంటే మెషిన్ లెక్కలు చేసే వేగం 20 శాతం పడిపోతుంది, పవర్ మాత్రం దాదాపు 35 శాతం తగ్గుతుంది. బిట్‌మెయిన్ కంపెనీ యాంట్‌మైనర్ ఎస్19జే ప్రో 104 మోడల్ (సెకనుకు 104 టెరాహ్యాష్‌లు, అంటే 104 లక్షల కోట్ల లెక్కలు) కంపెనీ లెక్కలో 3,068 వాట్లు తింటుంది, అంటే ఒక్కో టెరాహ్యాష్‌కు 29.5 జౌళ్లు. ఇలా తగ్గించి నడిపితే 24 దగ్గరికి రావాలి. ప్రతి చిప్పూ ఒకేలా ఉండదు కదా, బయటివి ఒక్కోదాన్ని విడిగా పరీక్షించి ఎంతకు తట్టుకుంటుందో అంతకే సర్దుతాయి. దానికి కొన్ని గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే చికాకు.

షెడ్డు యజమాని: పోతుంది మేడం, మీకు తెలియంది కాదు. (నవ్వులు)

వ్యాఖ్యాత: కంపెనీ వాళ్లు కూడా లో పవర్ మోడ్ ఇస్తున్నారు కదా?

టెక్నీషియన్: కొన్ని మోడళ్లకు ఇచ్చారు, ఇచ్చిన మెట్టు మీదే నిలబడాలి, మన ఎండకు తగ్గట్టు సర్దుకోవడానికి లేదు. కానీ దానికి ఫీజు లేదు! బయటివి 2 శాతం, ఇంకొంచెం ఎక్కువ కూడా తీసుకుంటాయి. 2 శాతమంటే రోజులో దాదాపు అరగంట మన కరెంటుతో వాళ్ల కోసం మెషిన్ నడుస్తుంది. ఎక్కించి ట్యూనింగ్ చేయకుండా వదిలేసేవాళ్లు ఊరికే ఫీజు కడుతున్నట్టే.

షెడ్డు యజమాని: బ్రెయిన్స్ వాళ్ల సొంత పూల్‌లో, అంటే మైనర్లంతా కలిసి పనిచేసి వచ్చింది పంచుకునే చోట నడిపితే ఫీజు వెసులుబాటు ఉంది...

టెక్నీషియన్: అప్పుడు పూల్ కూడా వాళ్లదే అయిపోయింది కదన్నా!

వ్యాఖ్యాత: నమ్మకం సంగతి చూద్దాం. బయటి ఫైల్‌లో ఏముందో ఎవరికి తెలుసు?

లెక్చరర్: కంపెనీ ఫైల్‌లో ఏముందో మాత్రం తెలుసా? 2017 ఏప్రిల్‌లో యాంట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. యాంట్‌మైనర్ ఫర్మ్‌వేర్ కొన్ని నిమిషాలకోసారి కంపెనీ సర్వర్‌ను పలకరిస్తోంది, అటు నుంచి "వద్దు" అని జవాబొస్తే మెషిన్ ఆగిపోయేలా రాసి ఉంది. గొడవయ్యాక బిట్‌మెయిన్ సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇచ్చింది. బయటి సంగతి చూస్తే 2019 జనవరిలో హెచ్‌యాంట్ అనే రాన్సమ్‌వేర్ వార్తల్లోకి వచ్చింది. డబ్బు కట్టు, లేదంటే ఫ్యాన్లు ఆపి మెషిన్ కాల్చేస్తాం అని బెదిరింపు. స్పీడు పెంచుతామంటూ తిరిగే ఫర్మ్‌వేర్ల ద్వారానే పాకిందని అప్పట్లో అనుమానించారు.

టెక్నీషియన్: అందుకే టెలిగ్రామ్‌లో ఎవరో పంపిన "ఫ్రీ క్రాక్" జోలికి పోవద్దు. ఫీజు తీసేశామంటారు, మన సంపాదన వాళ్లకు పోయేలా పూల్ అడ్రస్ మార్చేసి ఉంటారు.

వ్యాఖ్యాత: ఆడిటర్ గారూ, ఇంతసేపూ నోట్స్ రాసుకుంటున్నారు.

ఆడిటర్: మీరు హ్యాష్‌రేట్ పెంచాలా, కరెంటు తగ్గించాలా అని కొట్టుకుంటుంటే నాకు పన్ను కనిపిస్తోంది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో అమ్మిన లాభం మీద 30 శాతం, పైన సెస్సు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయడానికి లేదు, మైనింగ్‌కు పెట్టిన సామాన్ల ఖర్చు కొన్న ధర కింద రాదని అదే ఏడాది ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. కాబట్టి మెషిన్ స్పీడు పెంచి ఒక రూపాయి ఎక్కువ లాభం తెచ్చుకుంటే చేతికి 69 పైసలు కూడా మిగలవు. కరెంటులో ఒక రూపాయి తగ్గిస్తే ఆ రూపాయి పూర్తిగా మీదే.

షెడ్డు యజమాని: ఈ మాట ఎవరూ చెప్పలేదబ్బా.

వ్యాఖ్యాత: పలమనేరు నుంచి కాలర్ ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. సెకండ్ హ్యాండ్‌లో ఎస్19జే ప్రో తీసుకున్నాను, వారంటీ అయిపోయింది. మేడ మీద గదిలో పెట్టాలని. ఏ ఫర్మ్‌వేర్ వేసుకోమంటారు?

టెక్నీషియన్: తమ్ముడూ, ఇంటి మీటరా?

కాలర్: అవునన్నా.

టెక్నీషియన్: ఆగు మరి. అది రోజుకు 73 యూనిట్లు తింటుంది, నెలకు 2,200. ఇంటి స్లాబుల్లో 400 యూనిట్లు దాటాక రేటు 9.75 దాకా ఉంది, అంటే నెలకు 20 వేలు అటూ ఇటూ బిల్లు. ఆ రేటుకు ఏ ఫర్మ్‌వేరూ నిన్ను గట్టెక్కించదు. 2024 ఏప్రిల్ హాల్వింగ్‌లో, అంటే మైనింగ్ బహుమతి సగమైనప్పుడు, ఒక్కో బ్లాక్‌కు (లావాదేవీల కట్టకు) వచ్చేది 6.25 బిట్‌కాయిన్ల నుంచి 3.125కి పడింది, అది మర్చిపోవద్దు. ముందు ఏపీఎస్‌పీడీసీఎల్ కరెంటు ఆఫీసుకు వెళ్లి లోడు ఎంత, కేటగిరీ ఏది అని మాట్లాడుకో. ఇంటి కనెక్షన్ మీద ఈ పని చేస్తే తర్వాత కేసు రాస్తే ఎవరూ అడ్డు రారు. ఇంకోటి, దాని చప్పుడు 75 డెసిబెల్స్, కింద పడుకునేవాళ్లను ఒక మాట అడిగావా?

కాలర్: (నవ్వు) అడగలేదన్నా. అవన్నీ సర్దుకున్నాననుకోండి...

టెక్నీషియన్: సర్దుకున్నాక కూడా వెంటనే కొత్తది ఎక్కించొద్దు. పాత ఓనరు ఏం వేశాడో తెలియదు. కంపెనీ సైట్ నుంచి వాళ్ల ఫైలే తెచ్చి మళ్లీ ఎక్కించు, కంపెనీ పెట్టిన రూట్ అనే పాస్‌వర్డ్ మార్చు, పూల్ అడ్రస్ నీదేనా చూసుకో. మెషిన్‌ని నడిపించే కంట్రోల్ బోర్డు ఏ రకమో కూడా చూడు, జైలింక్స్, బీగల్‌బోన్, అమ్‌లాజిక్ అని రకాలున్నాయి, ఒకదాని ఫైల్ ఇంకోదానికి వేస్తే నా షాపుకే వస్తావు.

షెడ్డు యజమాని: మెషిన్ స్క్రీన్ మీద అంకెలు నమ్మకు తమ్ముడూ. పూల్ చూపించే 24 గంటల సగటు రాసుకో, ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి యూనిట్లు రాసుకో.

కాలర్: అయితే ఇప్పటికి కంపెనీదేనా?

టెక్నీషియన్: ఇప్పటికి అదే. ఒక నెల లెక్క పట్టుకుని షాపుకు రా, మూడు బోర్డులూ ఆరోగ్యంగా ఉంటే కరెంటు తగ్గించే ట్యూనింగ్ నేనే చేసిస్తా. పెంచమంటే మాత్రం చెయ్యను.