కాలేయపు ముక్కలో హెపటైటిస్ సి వైరస్‌ను పట్టుకోవడం

అందరికీ నమస్కారం.

హెపటైటిస్ సి నిర్ధారణకు మామూలుగా రక్తం చాలు. ముందు యాంటీబాడీ, తర్వాత వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ. కాలేయంలో వెతకాల్సి వచ్చేది రక్తం దొరకని పాత బ్లాకుల్లో (ఫార్మలిన్‌లో ఉంచి పారాఫిన్ మైనంలో పొదిగిన ముక్కల్లో), లేదంటే వైరస్ రక్తంలో కనబడకుండా కాలేయంలో దాగి ఉందని అనుమానించినప్పుడు. ఇలాంటి గుప్త ఇన్ఫెక్షన్‌ను 2004లో స్పెయిన్ పరిశోధకులు వర్ణించారు. దానిమీద వాదన ఇంకా తెగలేదు. అసలు చిక్కంతా కంట్రోళ్ల దగ్గరే, అంటే ఫలితం నమ్మదగిందో కాదో తేల్చే తోడు పరీక్షల దగ్గరే ఉందని నా అభిప్రాయం.

సూది బయాప్సీ తీయగానే వీలైతే ముక్కను రెండు చేయండి. ఒకదాన్ని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. రెండోది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లోకి, ఒక్క రోజుకు మించకుండా. శనివారం వేసి సోమవారం తీస్తే ఆర్‌ఎన్‌ఏ తునాతునకలై, ప్రొటీన్లకు అతుక్కుపోయి ఉంటుంది. అందుకే బ్లాకుల కోసం ఎంచుకునే పీసీఆర్ ఉత్పత్తి (జన్యుపదార్థంలో ఎంచుకున్న భాగానికి లెక్కలేనన్ని ప్రతులు తీసే పద్ధతిలో వచ్చే ముక్క) 100 బేస్‌ల దరిదాపుల్లోనే ఉండాలి. తాజా ముక్కలో చక్కగా వచ్చే 250 బేస్‌ల ఉత్పత్తి బ్లాకులో చాలాసార్లు రాదు, మనం నెగటివ్ అని రాసేస్తాం. సుమారు 9,600 న్యూక్లియోటైడ్ల జన్యువులో ఐదు ప్రైమ్ యూటీఆర్‌నే, అంటే మొదట్లో ఉండే ప్రొటీన్‌గా మారని భాగాన్నే లక్ష్యంగా పెట్టుకోండి. జన్యురకం ఏదైనా అది పెద్దగా మారదు.

బ్లాకు నుంచి 10 మైక్రాన్ల కోతలు మూడు నాలుగు చాలు. గాలి తగిలిన పైకోత పారేయండి. ప్రతి బ్లాకుకూ కొత్త బ్లేడు. మధ్యలో ఖాళీ పారాఫిన్ బ్లాకును కోసి, దాన్నీ చివరిదాకా నడపండి. అందులో సిగ్నల్ వస్తే ఆ విడత ఫలితాలేవీ పనికిరావు.

జైలీన్, ఆల్కహాల్ అయ్యాక ముక్క బాగా ఆరాలి. ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్ కె ఎంజైమ్ వేసి 56 డిగ్రీల్లో పూర్తిగా కరిగించి, తర్వాత 80 డిగ్రీల్లో 15 నిమిషాలు. ఫార్మలిన్ వేసిన ముడులు ఆ వేడికే వదులుతాయి. ఎక్కువసేపు ఉంచితే మాత్రం ఆర్‌ఎన్‌ఏ ఇంకా తెగుతుంది.

పక్కనే ఒక మానవ ఎంఆర్‌ఎన్‌ఏను, బీటా యాక్టిన్ లాంటిదాన్ని, వైరస్ ఉత్పత్తి ఎంత పొడవుంటే అంతే పొడవుతో పరీక్షించాలి. అది రాకపోతే రిపోర్టులో రాయాల్సింది 'నెగటివ్' కాదు, 'పరీక్షకు పనికిరాని నమూనా' అని.

పాజిటివ్ వచ్చినా తొందరపడకండి. కాలేయం నిండా రక్తమే, దొరికిన ప్లస్ స్ట్రాండ్, అంటే వైరస్ కణాల్లో ఉండే అసలు ఆర్‌ఎన్‌ఏ పోగు, అందులోది కావచ్చు. వైరస్ కాలేయ కణంలో పెరుగుతోందని చెప్పేది మైనస్ స్ట్రాండ్, అంటే ప్రతులు తీసేటప్పుడు ఏర్పడే ఎదురు పోగు. అదేమో చాలా తక్కువ, పైగా ప్లస్ స్ట్రాండే తప్పుగా ప్రైమ్ అయి మైనస్‌లా కనబడుతుంది. దీనికి తోక తగిలించిన ప్రైమర్ (ప్రతి తీయడాన్ని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) వాడి, వేడిని తట్టుకునే టీటీహెచ్ ఎంజైమ్‌తో 60 డిగ్రీలు దాటిన వేడిలో రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్, అంటే ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చడం, చేయాలి. ప్రైమర్ వేయని గొట్టం ఒకటి, కృత్రిమ ప్లస్ స్ట్రాండ్ మాత్రమే ఉన్న గొట్టం ఒకటి తోడుండాలి.

ఇమ్యునో స్టెయినింగ్‌ను (యాంటీబాడీతో వైరస్ ప్రొటీన్‌కు రంగు పట్టించడాన్ని) ఒంటరిగా నమ్మలేం. యాంటిజెన్, అంటే ఆ ప్రొటీన్, తక్కువ. కాలేయ కణాల్లో సహజంగానే బయోటిన్ ఎక్కువ కాబట్టి, అవిడిన్-బయోటిన్ కిట్ వాడితే వైరస్ లేని కణాలకూ చుక్కలు చుక్కలుగా రంగు పడుతుంది. బయోటిన్ అక్కర్లేని పాలిమర్ పద్ధతి వాడండి, ప్రైమరీ యాంటీబాడీ (వైరస్ ప్రొటీన్‌కు అతుక్కునేది) వేయని స్లైడును పక్కనే పెట్టి చూడండి.