నాలుగో వరసలో పుట్టే చట్టం

శ్రోతలకు నమస్కారం. మీ ఫోన్ ఈమధ్య కొన్నదైతే దానికి ఛార్జర్ గుచ్చే చోటు ఒకసారి చూడండి. టైప్-సి అయ్యుంటుంది. ఐఫోన్ కూడా 2023లో అదే దారికి వచ్చింది. అందుకు కారణం ఇలాంటి పరికరాలన్నిటికీ టైప్-సి ఉండాలంటూ యూరోపియన్ యూనియన్ 2022లో తెచ్చిన ఒక డైరెక్టివ్, అంటే సభ్య దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఉమ్మడి చట్టం, నంబరు 2022/2380. యూనియన్‌లోని 27 దేశాలకు కలిపి చట్టం ఎలా చేస్తారో నేర్చుకోవాలన్నా, తరగతిలో నేర్పాలన్నా ఒప్పందాలు బట్టీ పట్టనక్కర్లేదు, ఈ ఒక్క ఫైలు వెంట నడిస్తే చాలు.

ముసాయిదా పెట్టే హక్కు యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్‌ది. యూరోపియన్ పార్లమెంటు సభ్యులు నేరుగా బిల్లు పెట్టలేరు. మన లోక్‌సభ అలవాటుతో చదివేవాళ్లు మొట్టమొదట తప్పటడుగు వేసేది ఇక్కడే. 2021 సెప్టెంబరు 23న కమిషన్ ఇచ్చిన ముసాయిదాలో ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాల్లాంటివి ఉన్నాయి, ల్యాప్‌టాప్‌లు లేవు. వాటినీ చేర్చమని పట్టుబట్టింది పార్లమెంటు.

ఇక బేరం. కమిషన్, పార్లమెంటు, సభ్య దేశాల మంత్రులుండే కౌన్సిల్ తలుపులు మూసుకుని కూర్చుంటాయి. దాన్ని ట్రైలాగ్ అంటారు. బల్ల మీద నాలుగు నిలువు వరసల కాగితం ఉంటుంది: మొదటిది కమిషన్ మాట, రెండోది పార్లమెంటుది, మూడోది కౌన్సిల్‌ది. నాలుగోది ఖాళీ. రాజీ కుదిరిన వాక్యం అందులోకి ఎక్కుతుంది. తరగతిలో విద్యార్థులను మూడు జట్లు చేసి ఆ కాగితం ఇచ్చి చూడండి. అందరూ ఏ వస్తువులు చేర్చాలని వాదించుకుంటారు, గడువు సంగతి మరిచిపోతారు. అసలు రాజీ కుదిరింది గడువు దగ్గరే: ల్యాప్‌టాప్‌లు లోపలికి వచ్చాయి, కానీ ఫోన్లకు 2024 డిసెంబరు 28 అయితే వాటికి 2026 ఏప్రిల్ 28.

కౌన్సిల్ జట్టుకు లెక్క ముందే నేర్పాలి. గెలవాలంటే 55 శాతం దేశాలు, అంటే 15, వాటిలో యూనియన్ జనాభాలో 65 శాతం ఉండాలి. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ కలిస్తే జనాభాలో 35 శాతం సులువుగా దాటేస్తాయి. అయినా ఆ మూడూ చట్టాన్ని ఆపలేవు, అడ్డుకోవడానికి కనీసం నాలుగు దేశాలు కావాలి. ఇంకో మెలిక, ఓటు వేయకుండా ఊరుకున్నా అది వ్యతిరేక ఓటు కిందికే వస్తుంది. తటస్థంగా ఉన్నామనుకుని చట్టాన్ని ముంచేసే జట్లు ఎక్కువ!

2022 జూన్ 7న ఒప్పందం కుదిరింది. అక్టోబరు 4న పార్లమెంటులో 602 ఓట్లు అనుకూలం, 13 వ్యతిరేకం. అదే నెల 24న కౌన్సిల్ సరేనంది. అయితే ఇది డైరెక్టివ్, అన్ని దేశాల్లో నేరుగా అమలయ్యే రెగ్యులేషన్ కాదు. కాబట్టి ప్రతి దేశమూ 2023 డిసెంబరు 28లోగా తన సొంత చట్టంలో దీన్ని రాసుకోవాల్సి వచ్చింది.

ఈ దశలన్నీ తేదీలతో సహా చూడాలంటే పార్లమెంటు వారి శాసన పరిశీలక వెబ్‌సైటులో 2021/0291 అని వెతకండి. ముందు కమిషన్ ముసాయిదా, తర్వాత తుది పాఠం పక్కపక్కన పెట్టుకుని, ల్యాప్‌టాప్ అన్న మాట ఎక్కడెక్కడ కొత్తగా వచ్చిందో ఎర్ర పెన్నుతో గీత గీయండి.