ఇంజెక్షన్ దాకా వచ్చేదెవరు?

ట్రాన్స్‌జెండర్ పిల్లల మానసిక ఆరోగ్యం, వైద్యంపై హైదరాబాద్‌లోని స్టూడియోలో జరిగిన చర్చ ఇది. పిల్లల మానసిక వైద్యురాలు, హార్మోన్ల వైద్యుడు, వరంగల్ నుంచి వచ్చిన ఒక ట్రాన్స్ మహిళ పాల్గొన్నారు. ఆమె కౌన్సెలర్‌గా పనిచేస్తున్నారు. గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి ఫోన్‌లో మాట్లాడారు. పిల్లల గోప్యత దృష్ట్యా ఎవరి పేర్లూ వేయలేదు.

యాంకర్: నమస్కారం. బ్రిటన్‌లో 18 ఏళ్లలోపు ట్రాన్స్ పిల్లలకు ప్యూబర్టీ బ్లాకర్లు, అంటే యవ్వనంలో శరీరంలో వచ్చే మార్పుల్ని ఆపి ఉంచే ఇంజెక్షన్లు, కొత్తగా రాయకుండా 2024 డిసెంబరులో నిరవధిక నిషేధం పెట్టారు. పిల్లలకు ఇలాంటి మందులివ్వకుండా టెన్నెసీ రాష్ట్రం పెట్టిన నిషేధాన్ని 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. ఈ వార్తలు మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతున్నాయి. డాక్టర్ గారూ, మీ దగ్గరికొచ్చే తల్లిదండ్రులు వీటి గురించి అడుగుతున్నారా?

మానసిక వైద్యురాలు: కూర్చోగానే అడుగుతారండీ. "మేడమ్, ఆ ఇంజెక్షన్ మాత్రం వద్దు" అంటారు. నేనింకా పిల్లలతో ఒక్క మాట కూడా మాట్లాడి ఉండను. అసలు సంగతేంటంటే, బ్లాకర్ ఉపయోగపడేది యవ్వనం తొలి గుర్తులు కనపడే దశలో. నా దగ్గరికొచ్చేది ఇంటర్ పిల్లలు. అప్పటికే గొంతు మారిపోయుంటుంది, నెలసరి మొదలై ఏళ్లయుంటుంది. వాళ్లకు సంబంధం లేని ఇంజెక్షన్ గురించి ఇంట్లో నెలల తరబడి గొడవ పడి వస్తారు.

యాంకర్: మరి అంతకు ముందు ఎక్కడ తిరుగుతున్నట్టు?

కౌన్సెలర్: నేను చెప్తా సార్. అమ్మానాయన తాయెత్తు కట్టిస్తరు, ఆర్ఎంపీ దగ్గరికి తీస్కపోతరు. ఇగ పిల్లలైతే ఎవ్వరికీ చెప్పకుండ మెడికల్ షాపుకు పోతరు. ఒంట్ల ఆడోళ్ల లెక్క మార్పులు రావాల్నని, గర్భం రాకుండ ఆడోళ్లు వేసుకునే గోళీలు కొనుక్కొని రోజుకు రెండు, మూడు మింగుతరు. ఎవరో చెప్పిన్రని, యూట్యూబ్‌ల చూసిన్నని. చీటీ అడిగేటోడు లేడు. మన దగ్గర ఈ పిల్లలకు మొదటి డాక్టరు ఆ కౌంటర్ మీదున్న పిల్లగాడే.

హార్మోన్ల వైద్యుడు: ఇది నిజం, చాలా ప్రమాదం కూడా. ఆ మాత్రల్లో ఎక్కువగా ఉండేది ఎథినైల్ ఎస్ట్రడయాల్ అనే కృత్రిమ స్త్రీ హార్మోన్. దానివల్ల కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. మోతాదు పెంచితే ముప్పూ పెరుగుతుంది. పొగతాగే అలవాటుంటే ఇంకా ఎక్కువ. మేము పెద్దవాళ్లకిచ్చే ఎస్ట్రడయాల్ వేరు. దానికైనా ముందు రక్తపరీక్షలు చేస్తాం, బీపీ చూస్తాం. మగ హార్మోన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ కలిపితే పొటాషియం కూడా చూసుకోవాలి. షాపులో ఇవేమీ ఉండవు.

యాంకర్: బ్లాకర్లకు వద్దాం. అవి మంచివా, చెడ్డవా? పరిశోధన ఏం తేల్చింది?

హార్మోన్ల వైద్యుడు: దీన్ని మొదలుపెట్టింది నెదర్లాండ్స్ వాళ్లు. ఆమ్‌స్టర్‌డామ్ బృందం 2014లో 55 మంది ఫలితాలు ప్రచురించింది. బ్లాకర్లు, హార్మోన్లు, ఆపరేషన్ అన్నీ అయ్యాక వాళ్ల మానసిక స్థితి బాగుందని రాశారు. కానీ ఆ పిల్లల్ని వడపోసి తీసుకున్నారు. చిన్నప్పట్నుంచీ ఈ భావన ఉన్నవాళ్లు, ఇంటివాళ్ల అండ ఉన్నవాళ్లు, తీవ్రమైన మానసిక సమస్యలు లేనివాళ్లు. తర్వాత ఆ పద్ధతినే వేరే రకం పిల్లలకు వాడారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లల కోసం అప్పట్లో ఉన్న ఒకే ఒక్క ప్రభుత్వ క్లినిక్‌కి, అది లండన్‌లో ఉండేది, 2011-12లో 250 మంది కూడా రాలేదు. 2021-22కి 5,000 దాటారు. అప్పుడు హిలరీ కాస్ అనే పిల్లల వైద్యురాలితో సమీక్ష చేయించారు. 2024 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది. యార్క్ యూనివర్సిటీ వాళ్లు బ్లాకర్ల మీద 50 అధ్యయనాలు తిరగేస్తే ఉత్తమ నాణ్యత ఉన్నది ఒక్కటే.

కౌన్సెలర్: అంటే 49 చెత్తబుట్టల పడేసిన్రా? మా గ్రూపులల్ల గట్లనే తిరుగుతున్నది.

మానసిక వైద్యురాలు: లేదక్కా, అది తప్పు ప్రచారం. 25 మధ్యస్థంగా ఉన్నాయన్నారు, వాటినీ లెక్కలోకి తీసుకున్నారు. పక్కన పెట్టింది 24. అన్నీ చూశాక కూడా మనసుకు మేలు జరుగుతుందా లేదా గట్టిగా చెప్పలేమన్నారు. దాన్ని పట్టుకుని ఒకాయన "విషం అని తేలింది" అంటాడు, ఇంకొకాయన "నివేదికే కుట్ర" అంటాడు. సార్, ఆ లండన్ క్లినిక్ వాళ్ల 44 మంది సంగతి కూడా చెప్పండి.

హార్మోన్ల వైద్యుడు: అవును. 12 నుంచి 15 ఏళ్ల మధ్య బ్లాకర్లు మొదలుపెట్టిన 44 మంది పిల్లలు. 2021లో ప్రచురించారు. అందులో 43 మంది తర్వాత హార్మోన్లకు వెళ్లారు. బ్లాకర్ ఇచ్చేటప్పుడు "ఇది ఆలోచించుకోవడానికి టైమ్" అని కదా చెప్పింది? ఆలోచించుకున్నవాళ్లలో ఒక్కరే ఆగారంటే నాకు అనుమానమొస్తుంది. తోటివాళ్లందరికీ యవ్వనం వస్తుంటే వీళ్లొక్కరికీ ఆపి పెట్టాం. ఆ ఆపడమే దారి నిర్ణయించిందేమో.

మానసిక వైద్యురాలు: లేదా క్లినిక్ వాళ్లు సరైన పిల్లల్నే ఎంచుకున్నారేమో! అవే అంకెలు రెండు వాదనలకీ సరిపోతాయి. పోల్చి చూడటానికి మందు ఇవ్వని పిల్లల గుంపు ఆ అధ్యయనంలో లేదు. కాబట్టి మీరూ తేల్చలేరు, నేనూ తేల్చలేను. ఆ ఇంటివాళ్లకు ఈ మాట ఇలాగే చెప్పాలి.

కౌన్సెలర్: మీరిద్దరు తేల్చుకునే దాంక పిల్ల ఆగదు కద మేడమ్. ఆధారాలు లేవు అంటే మా దగ్గర ఏమైతదో తెల్సా? డాక్టరు తలుపు మూస్తడు. అటుమొన్న ఓ పిల్లను పంపితే "18 నిండినంక రా" అని రెండు నిమిషాలల్ల పంపించిన్రు. మందు ఇయ్యకున్రి, మాట్లాడొచ్చు కద?

యాంకర్: గుంటూరు జిల్లా నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

తల్లి: నమస్కారమండీ. మావాడికి పదహారు. పుట్టుకతో ఆడపిల్ల. తొమ్మిదో తరగతి నుంచి ఛాతీకి క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టుకునేవాడు, మాకు తెలియదు. బడిలో నీళ్లు తాగేవాడు కాదు, ఏ బాత్రూమ్‌కి వెళ్లినా ఏడిపిస్తారని. మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్. చూసిన ప్రతి డాక్టరూ మందులు రాశారేగానీ, పగలంతా నీళ్లెందుకు తాగట్లేదని ఒక్కళ్లూ అడగలా. తర్వాత తెలిసి, ఒక పెద్ద సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. జుట్టు పెంచమన్నారు, లంగావోణీ వేయించమన్నారు, వంటింట్లో నాతోపాటు ఉంచుకోమన్నారు. నిద్రమాత్రలు రాశారు. చెప్పినట్టే చేశామండీ. మూడో నెలకి వాడు మాతో మాట్లాడటం మానేశాడు.

మానసిక వైద్యురాలు: అమ్మా, అది వైద్యం కాదు. మద్రాస్ హైకోర్టు 2021లోనే ఇలా "మార్చే" ప్రయత్నాలు చేయకూడదంది. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఆ కేసు విన్న జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తీర్పుకు ముందు తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని విషయం తెలుసుకున్నారు. హైకోర్టు జడ్జి అంత ఓపిక చూపిస్తే, మా వృత్తిలో ఉన్నవాళ్లకి ఆ గంట దొరకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కొత్త వ్యాధుల పట్టికలో ట్రాన్స్‌గా ఉండటాన్ని మానసిక రుగ్మతల నుంచి తీసేసింది. 2022 నుంచి అది అమల్లో ఉంది.

తల్లి: మరి ఇప్పుడేం చేయాలండీ? టెస్టోస్టిరాన్, అదే మగ హార్మోన్, ఇప్పించమంటున్నాడు.

హార్మోన్ల వైద్యుడు: దానికి తొందరలేదమ్మా. గొంతు ఒకసారి మారితే వెనక్కి రాదు, పిల్లలు పుట్టే సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. కానీ ఈలోపు చేయగలిగినవి ఉన్నాయి. క్రేప్ బ్యాండేజీ వద్దు, పక్కటెముకలు దెబ్బతింటాయి. సరైన కొలతకు దొరికే బైండర్, అంటే ఛాతీని చదునుగా ఉంచే లోదుస్తు, వాడాలి, రోజుకు ఎనిమిది గంటలు మించకూడదు, రాత్రిపూట తీసేయాలి. నెలసరే పెద్ద బాధైతే దాన్ని ఆపడానికి ప్రొజెస్టోజెన్ మాత్రలున్నాయి, గైనకాలజిస్టులు వేరే సమస్యలకు ఎప్పట్నుంచో వాడుతున్నవే. మానేస్తే నెలసరి మళ్లీ వస్తుంది. డాక్టర్ చూశాకే సుమా.

కౌన్సెలర్: గీ మాట అందరు డాక్టర్లు చెప్తే సగం పిల్లలు ఇల్లు విడిచి పోరు సార్.

యాంకర్: మేడమ్, మీ దగ్గరికొస్తే మొదటిరోజు ఏం చేస్తారు?

మానసిక వైద్యురాలు: అమ్మానాన్నల్ని బయట కూర్చోబెడతాను. "నిన్ను ఏమని పిలవమంటావ్?" అని అడుగుతాను. తర్వాత అరగంట దీని ఊసే ఎత్తను. నిద్ర, బడి, స్నేహితులు, ఫోన్. దిగులు ఉందా, ఎవరైనా చెయ్యి వేశారా, చనిపోవాలనిపించిందా, అన్నీ అడుగుతాను. ఆటిజం కూడా చూస్తాను. కేంబ్రిడ్జ్‌లో వరుణ్ వారియర్ బృందం 2020లో 6 లక్షలకు పైగా మంది సమాచారం పరిశీలిస్తే, ట్రాన్స్, జెండర్ వైవిధ్యం ఉన్నవాళ్లలో ఆటిజం మిగతావాళ్లకన్నా మూడు నుంచి ఆరు రెట్లు ఎక్కువ కనిపించింది. ఆటిజం ఉంటే ఆ పిల్ల చెప్పేది అబద్ధమని కాదు. మాట్లాడే తీరు మార్చుకోవాలి, ఇంకాస్త టైమివ్వాలి. నెలల తరబడి ఇలాగే నడుస్తుంది. కొంతమంది చివరికి మందులే అడగరు.

తల్లి: ఇంట్లో నేను వాడు పెట్టుకున్న పేరుతోనే పిలుస్తున్నానండీ. అది తప్పేం కాదుగా?

మానసిక వైద్యురాలు: తప్పేంటమ్మా! అమెరికాలో స్టీఫెన్ రసెల్ బృందం 2018లో 129 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం ఉంది. ఇల్లు, బడి, పని, స్నేహితులు, వీటిలో ఎన్ని చోట్ల తాము ఎంచుకున్న పేరు వాడగలుగుతున్నారో చూశారు. ఒక్క చోటు పెరిగినా ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం తక్కువగా కనిపించాయి. చిన్న అధ్యయనమే, పేరు వల్లే తగ్గాయని రుజువు కాదు. అయినా పేరు పెట్టి పిలవడానికి దుష్ప్రభావాలేం లేవు, కావాలంటే రేపు మార్చుకోవచ్చు.

యాంకర్: హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్ క్లినిక్ ఉండేది కదా?

కౌన్సెలర్: మిత్ర్ క్లినిక్. 2021ల నారాయణగూడల పెట్టిన్రు. అమెరికా పైసలు ఆగంగనే 2025 మొదట్ల మూతబడ్డది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతోని సబ్‌రంగ్ పేరు మీద మళ్లా తెరిచిన్రు. ట్రాన్స్ డాక్టర్లు, ట్రాన్స్ సిబ్బంది ఉంటే లోపలికి పోనీకే భయం కాదు. పిల్లల కోసం అసొంటిది జిల్లాకు ఒక్కటన్న కావాలె.

యాంకర్: టైమ్ అయిపోతోంది. అమ్మా, ఇంకేమైనా అడుగుతారా?

తల్లి: వాళ్ల నాన్నకి ఎవరు చెప్తారండీ? నేను చెప్తే కొట్టొస్తాడు.

మానసిక వైద్యురాలు: మీరు చెప్పకండమ్మా. ఆయన్ని ఒక్కరినే పంపించండి, పిల్లాడు లేకుండా. గంటసేపు ఆయన తిట్టుకున్నా సరే, వింటాను. ఈలోపు ఇంట్లో గొడవ ముదిరితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

తల్లి: ఆదివారం చూస్తారా? మిగతా రోజులు ఆయనకి మిర్చియార్డులో పని.

మానసిక వైద్యురాలు: ఆదివారం ఓపీ ఉండదు. శనివారం సాయంత్రం ఆరు తర్వాత రమ్మనండి, ఉంటాను.